జమైకా వెళ్ళేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

7 జూన్ 1997, శనివారం

ఈ రోజు నుంచి రాయాలి. రాయకపోతే ఎవరి ముందో నోరు జారతాను. నాకు ఏ బాధ వచ్చినా అమ్మతో చెప్పుకోవడం అలవాటు. ఈసారి బాధ అమ్మ గురించే. అందుకని కాగితం తప్ప వేరే దిక్కు లేదు.

మధ్యాహ్నం మా ట్రావెల్ ఆఫీసుకి నాదియా వచ్చింది. అమ్మ పనిచేసే ఇంటి అమ్మాయి. అమ్మ నన్ను తునిలో అమ్మమ్మ దగ్గర వదిలి ఈ అరబ్బుల దేశం వచ్చినప్పుడు నాకు ఐదేళ్ళు, నాదియాకీ ఐదేళ్ళే. నా జడ అమ్మమ్మ వేసింది. ఆమె జడ మా అమ్మ వేసింది. ఇప్పుడు ఆమెకి పెళ్ళయి ఒక పాప కూడా ఉంది, రీమ్ అని. ఆ పాపకీ అమ్మే స్నానం చేయిస్తుంది.

వచ్చి నా బల్ల ముందు కూర్చుని, "ఏటే లోవా, సిక్కిపోయావు. తిండి తింటన్నావా?" అంది.

అమ్మ మాటే. అమ్మ యాసే. 'తింటన్నావా' అన్నప్పుడు చివర కొంచెం లాగడం కూడా అదే. అరబ్బుల పిల్ల నోట్లోంచి మా తుని వీధి మాట్లాడింది. మా మేనేజరు అహ్తెషామ్ గారు హైదరాబాదు మనిషి, పకపకా నవ్వారు. "మేడమ్, మా ఇంట్ల పిల్లలకి గింత మంచి తెలుగు రాదు!"

ఆమె భర్తతో చదువుకున్న స్నేహితుడి పెళ్ళట, జమైకాలో. జూలై పన్నెండున ప్రయాణం. నాదియా, భర్త, పాప. "ఇంకా ముత్తూ," అంది. ముత్తూ అంటే మా అమ్మ ముత్తెమ్మ.

ఈ ముక్క అమ్మ నాతో అనలేదు. నిన్న శుక్రవారం, ఇద్దరికీ సెలవు రోజు, నా గదిలోనే కూర్చుని వంకాయలు తరిగింది. అనలేదు.

8 జూన్

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏ దేశానికి టిక్కెట్టు ఇచ్చినా దాంతో పాటు ఒక పేజీ జాగ్రత్తలు టైపు చేసి ఇస్తాం. ఏం కట్టుకోవాలి, ఏం తినాలి, ఏం ముట్టుకోకూడదు. లండన్‌కీ కైరోకీ బ్యాంకాక్‌కీ తయారుగా ఉన్నాయి. జమైకా ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నువ్వే రాయాలె లోవా. నీ ఇంగ్లీషు మంచిగుంటది," అన్నారు అహ్తెషామ్ గారు.

నేను చూసిన ఊళ్ళు తుని, కాకినాడ, బొంబాయి ఎయిర్‌పోర్టు, ఇది. అయినా సరే అన్నాను. ఉద్యోగం కదా.

9 జూన్

అమ్మ నాకిచ్చిన మాట ఇక్కడ రాసి పెట్టుకోవాలి, నేనే కల్పించుకున్నానేమో అని రేపు నాకు అనుమానం రాకుండా.

అమ్మ వీసా ఆగస్టుతో అయిపోతుంది. నాదియా భర్త ఆమె కఫీల్, వీసా ఆయన పేరు మీదే ఉంటుంది. "ఈసారి మళ్ళీ సంతకం ఎట్టనే. కలాస్," అంది అమ్మ, సంక్రాంతి వెళ్ళిన వారం. మా ఓనరు దగ్గర ఒక వీసా ఖాళీగా ఉంది, ఆఫీసు తుడిచి టీ పెట్టే మనిషికి. ఆయన్ని బతిమాలి అమ్మ కోసం ఆపించాను. నా గదిలో ఉండే సువార్తమ్మక్క ఆగస్టులో పిఠాపురం వెళ్ళిపోతోంది. ఆ మంచం అమ్మది. పొద్దున్న ఇద్దరం కలిసి ఆఫీసుకి నడిచి వెళ్తాం, సాయంత్రం కలిసి వస్తాం. ఇంతే నేను కోరుకున్నది.

ఓనరు జూలై పదిలోగా అవునో కాదో చెప్పమన్నాడు. తరువాత ఆ వీసా ఇంకొకరికి పోతుంది.

10 జూన్

జమైకా మీద నాకు ఏ ఆసక్తీ లేదు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

12 జూన్, గురువారం

సగం పూట సెలవు. లైబ్రరీకి వెళ్ళాను. మూడు పుస్తకాలు దొరికాయి. మూసేవేళకి లైట్లు ఆర్పేదాకా తెలియనే లేదు.

అక్కడ బండ్లు మన ఊళ్ళోలాగే ఎడమ వైపు వెళ్తాయి. కరెంటు నూట పది వోల్టులు, కాబట్టి ఇక్కడి పాలసీసా వేడిచేసే సామాను అక్కడ పనిచెయ్యదు. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల గుడ్డలు కట్టుకోవడం నేరం. ఎర్ర నంబరు పలక ఉన్న టాక్సీయే ఎక్కాలి. ఎవరినైనా ఏదైనా అడిగే ముందు శుభోదయం చెప్పాలి, చెప్పకపోతే అమర్యాద అనుకుంటారు. ఆకీ అని ఒక పండు ఉంది, చెట్టు మీదే తనంతట తాను నోరు తెరిచాక కోసిందే వండుకోవాలి. మూసుకుని ఉన్నది కోసి తింటే విషం.

కొబ్బరి ఉంది, పనస ఉంది, చింతపండు ఉంది, మామిడి ఉంది. ఎప్పుడో మన దేశం నుంచి చెరకు తోటల్లో పనికి తీసుకుపోయిన కూలీలు మేక మాంసం కూర నేర్పి పెట్టారట. ఇప్పుడక్కడ పెళ్ళంటే అదే వండుతారట.

ఆ పుస్తకాల్లోని ఫొటోల్లో సముద్రం రంగు చూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ నీళ్ళ పక్కన అమ్మ నిలబడితే ఎలా ఉంటుందో అనుకున్నాను. ఆమె పక్కన నాదియా ఉంది. పుస్తకం మూసేశాను.

13 జూన్, శుక్రవారం

అమ్మ వచ్చింది. ఒక సంచీ తెచ్చింది, నాదియా జోళ్ళు. "ఒక్కసారే ఏసుకుందే, కొత్తవే," అంది.

నా చిన్నప్పుడు అమ్మ పంపిన పెట్టెలో వచ్చిన గౌన్లన్నీ ముందు ఆమె వేసుకున్నవే. ఊళ్ళో అందరూ ఫారిన్ గౌను అని ముట్టుకుని చూసేవాళ్ళు. నేనూ గర్వంగా తిరిగాను. చంక దగ్గర ఇంకొకరి ఒంటి ఆకారం ఉండేది ఆ గౌన్లకి.

జోళ్ళు సరిగ్గా సరిపోయాయి. అదే నాకు నచ్చలేదు.

జమైకా గురించి అమ్మ చెప్పలేదు. నేను అడగలేదు. నేనెందుకు అడగాలి? చెప్పవలసింది ఆమె.

15 జూన్

పేజీ రాయడం అయింది. ఒక పేజీ అన్నారు గాని రెండున్నర వచ్చింది. అన్నీ నిజాలే. ఒక్క అబద్ధం లేదు. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాను కాలం, నిజమే. సముద్రం ఒడ్డున మాంచినీల్ అని ఒక చెట్టుంటుంది, వానలో దాని కింద నిలబడితే కారే పాలకి ఒళ్ళు కాలుతుంది, నిజమే. నీళ్ళలో ముళ్ళున్న జీవులు, దోమలు, జేబుదొంగలు. ప్రయాణం చాలా పెద్దది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని, ఇంటి పనివాళ్ళని తీసుకువెళ్ళకపోవడం మంచిది అని చివర చేర్చాను. అది పుస్తకంలో లేదు. కాని ఆలోచిస్తే ఎవరికైనా తెలిసే విషయమే.

సువార్తమ్మక్కకి చదివి వినిపించాను. వింటూ వింటూ తల దువ్వుకోవడం ఆపేసింది.

"ఒసేయ్, ఇది జమైకానా, జైలా? డబ్బులిచ్చి ఎవరైనా వెళ్తారా ఇలాంటి చోటికి?"

"జాగ్రత్తలక్కా. జాగ్రత్తలు అలాగే ఉంటాయి."

"బ్యాంకాక్‌ది కూడా నువ్వే రాశావుగా. అందులో పట్టుచీరలు ఎక్కడ దొరుకుతాయో ఉంది," అంది. నేను మాట మార్చాను.

18 జూన్

నాదియా ఆఫీసుకి ఫోను చేసింది.

"నీ కాగితం సదివి మా ఆయన భయపడిపోయాడే. మానేద్దాం అన్నాడు."

నా గుండె ఎగిరింది. ఆ మాట దాచను.

"నేనన్నాను, ఇన్ని ఉంటే ముత్తూ లేకుండా అసలు ఎల్లను. ముత్తూ ఉంటే నాకు తుఫానైనా భయం లేదు. చిన్నప్పుడు నాకు జరం వస్తే ఎన్ని రాత్రులు ఒళ్ళో కూకోబెట్టుకుందో! నీకు తెల్సు కదా ముత్తూ సంగతి."

తెలుసు అన్నాను.

"ఇంకోటి. నేనలా అన్నానని, తిరిగొచ్చాక మళ్ళీ వీసా గొడవ ఎందుకని, ఎల్లేముందే రెండేళ్ళకి కొత్త వీసా కొట్టించేద్దాం అంటన్నాడు మా ఆయన. ముత్తూ ఇంకా ఏటీ సెప్పలేదు. నువ్వు కూడా ఓ మాట సెప్పవే, నీ మాట ఇంటాది."

నేను ఆ రెండున్నర పేజీలు రాయకపోతే ఈ మాట ఇప్పుడు పుట్టేది కాదు. ఫోను పెట్టేశాక టైపు మిషను రిబ్బను మార్చాను. రిబ్బను బాగానే ఉంది.

నాకు జ్వరం వచ్చినప్పుడు అమ్మమ్మ కూడా ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. నాకేం లోటు జరగలేదు.

21 జూన్

లండన్‌లో ఒక ఎయిర్‌పోర్టులో దిగి ఇంకో ఎయిర్‌పోర్టుకి వెళ్ళి విమానం ఎక్కాలి. ఇండియా పాస్‌పోర్టు కాబట్టి అమ్మకి లండన్ వీసా కావాలి. ఆ కాగితాలు పంపవలసింది నేనే. ఈ రోజు పని ఎక్కువై మర్చిపోయాను.

22 జూన్

మర్చిపోయాను.

23 జూన్

ఈ రోజు కూడా. ఎండ వల్ల తలనొప్పిగా ఉంటోంది.

25 జూన్

నాదియావాళ్ళ డ్రైవరు మొహసిన్ భాయ్ అడగడానికి వచ్చాడు. నిజామాబాదు మనిషి. వచ్చినప్పుడల్లా నన్ను నవ్వించాలని చూస్తాడు.

"ఏంది చెల్లె, గా జమైకా ఏ దుబాయిల ఉంటది?"

"దుబాయిలో కాదు భాయ్. ఇంకో సముద్రంలో."

"మా ఊర్ల ఎవడు యాడికి పోయినా దుబాయి పోయిండనే అంటరు. మీ అమ్మ కూడ గా దూరం దుబాయికే పోతున్నదన్నట్టు." తరువాత గొంతు తగ్గించాడు. "ముత్తెమ్మక్క కాయితం అయిందా? దినాం అడుగుతున్నది. మొహసినూ, నాది అయిందా, నాది అయిందా అని. చిన్నపోరి లెక్క."

"ఎవరు, నాదియానా?"

"కాదమ్మా. మీ అమ్మ."

అహ్తెషామ్ గారు విన్నారు. నా బల్ల మీది ట్రేలోంచి కాగితాలు ఆయనే తీశారు. అమ్మ పాస్‌పోర్టు ఫొటో అన్నింటికంటే కింద ఉంది. ఆయన నా వైపు చూశారు. "యల్లా, పద," అని మొహసిన్ భాయ్‌ని వెంటబెట్టుకుని తానే ఎంబసీలో ఇచ్చి రావడానికి వెళ్ళారు.

తిట్టి ఉంటే బాగుండేది.

27 జూన్, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

అమ్మ చేపలు తెచ్చింది. సువార్తమ్మక్క వాళ్ళ తెలుగు ప్రార్థనకి వెళ్ళింది, ఇద్దరమే ఉన్నాం. పులుసు మరుగుతుండగా అమ్మ రవికలోంచి ఒక అట్టముక్క తీసింది. పెద్ద పెద్ద అక్షరాలతో అరబ్బీలో ఏదో రాసి ఉంది.

"ఏంటది?"

"ఇదేనే, నువ్వు రాసిన జమైకా కాగితం. నా కోసం ఇలాగ మార్చి రాసిచ్చింది నాదియా."

"నీకెవరు చదివిపెడతారు?"

"నేనే. ఏదో కూడబలుక్కుంటాను." కళ్ళద్దాలు లేవు, అట్టముక్కని దూరంగా పట్టుకుంది. వేలు కుడి నుంచి ఎడమకి జరిపింది. "మా... మాయ్. నీళ్ళు. నీళ్ళు కాసుకుని తాగాలి. తరవాతది... షమ్స్. ఎండ."

నా చేతిలో గరిటె ఉంది. అది ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"అది ఒకటో కలాసులో ఉన్నప్పుడు పక్కన కూకునేదాన్ని కదా. అది అలిఫ్ అంటే నేనూ అలిఫ్. అది నాకు పంతులమ్మ!" అని నవ్వింది. "తెలుగైతే ముక్క రాదు. సిగ్గు సేటు."

నేను మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని. బడిలో చేరినప్పుడు అమ్మమ్మ అందరికీ బెల్లం పంచింది. పలక మీద 'అమ్మ' అని రాసి చూపించడానికి అమ్మ లేదు. అదే ఏడు, అదే నెలల్లో, అమ్మ ఇంకో పిల్ల పక్కన కూర్చుని వేరే అక్షరాలు దిద్దుకుంది.

"కోపమొచ్చిందేటే?"

"లేదు."

"వచ్చింది. సిన్నప్పుడూ ఇంతే, మూతి ఇలా ఎట్టుకునేదానివి."

"చిన్నప్పుడు నువ్వెక్కడ చూశావు?"

అనేశాను. ఈ పుస్తకం మొదలుపెట్టింది ఆ మాట అనకుండా ఉండడానికే.

అమ్మ అట్టముక్క మడిచి మళ్ళీ రవికలో పెట్టుకుంది. స్టవ్ తగ్గించింది. చేప ముక్కలు విరగకుండా గిన్నె ఒకసారి తిప్పింది. తరువాత నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"నాకు ఎల్లాలని ఉందే లోవా."

"నాదియా కోసమా?"

"నా కోసం. దాని కోసం ఎల్లేవి సానా ఉన్నాయి. కొట్టుకి, ఆస్పత్రికి, పెళ్ళిళ్ళకి. ఈ దేశం సుట్టూరా సముద్రమే. ఇన్నేళ్ళలో ఒడ్డున సాప ఏసి పిల్లల బట్టలు కాశాను గాని నీళ్ళలో కాలెట్టలేదు. ఈ పాలి ఇమానం ఎక్కితే ఎవల్నీ వదిలి ఎల్తన్నట్టు ఉండదు. సూడ్డానికే ఎల్లడం ఎలాగుంటాదో సూడాలని ఉంది. ఎల్తావా ముత్తెమ్మా అని ఎవరూ అడగలేదు. అదీ తీసుకెల్తానందే గాని అడగలేదు. నువ్వూ అడగలేదు. నీ కాగితంలో మోకాళ్ళ నొప్పులోళ్ళు వద్దని రాశావంట."

"అది మామూలుగా రాసేదే..."

"నాకు మోకాళ్ళ నొప్పులు లేవే. నీకెవరు సెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. అమ్మ మోకాళ్ళ గురించి నాకు ఏమీ తెలియదు.

అన్నం తిన్నాం. పులుసు బాగుంది అని మూడుసార్లు అన్నాను. వీసా సంగతి అడగాలని గుమ్మం దాకా వెళ్ళాను. మొహసిన్ భాయ్ కారు హారన్ కొట్టాడు.

1 జూలై

పేజీ మళ్ళీ రాశాను. ఈసారి ఒక్క పేజీయే. కుళాయి నీళ్ళు తాగవచ్చు. జూలైలో తుఫాను అరుదు, ఆగస్టు తరువాతే ఎక్కువ. వాన మధ్యాహ్నం ఒక గంట కురిసి పోతుంది. ఇంటి పనివాళ్ళ వాక్యం తీసేశాను. అహ్తెషామ్ గారికి ఇచ్చి, మొదటి దానిలో కొన్ని అనవసరమైనవి పడ్డాయి అన్నాను.

"తెలుసు," అన్నారు. అమ్మకి లండన్ వీసా వచ్చిందట.

సంతోషమే. నిజంగా సంతోషమే. ఆమె ఫొటోలు తీసుకుని వస్తుంది. ఫొటోల్లో నాదియా కూడా ఉంటుంది. ఉండనీ.

4 జూలై, శుక్రవారం

అమ్మ రాలేదు. వాళ్ళింట్లో చుట్టాలట, సర్దుకోవడమట. కొత్త వీసాకి సంతకం పెట్టిందో లేదో తెలియదు. ఫోను చేస్తే నాదియా ఎత్తింది. "ముత్తూ నాకు పెట్టె సర్దతంది, పిలవనా?" వద్దన్నాను.

ఎదురుగా ఉంటే ఇద్దరం కూరల గురించి మాట్లాడుకుంటాం. మా ఇద్దరికీ అలవాటైన పద్ధతి ఇంకోటుంది. చిన్నప్పుడు అమ్మ ఇక్కడ క్యాసెట్టులో మాట్లాడి ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేది. అమ్మమ్మా నేనూ పక్కింటి టేపురికార్డరులో విని, దాని వెనక వైపు మా మాటలు ఎక్కించి పంపేవాళ్ళం. ఆ క్యాసెట్లలో ఇద్దరం అన్నీ చెప్పుకునేవాళ్ళం. ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

రేపు మొహసిన్ భాయ్ టిక్కెట్ల కోసం వస్తాడు.

5 జూలై, శనివారం, పొద్దున్నే

సువార్తమ్మక్క టేపురికార్డరు అడిగి తీసుకున్నాను. తడబడకుండా ఉండాలని మాట్లాడబోయేది ముందు ఇక్కడ రాస్తున్నాను.

అమ్మా, నేను లోవని. ఈ జాగ్రత్తలు ఆఫీసువి కావు. నీ ఒక్కదానికే.

విమానం పైకి లేచేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, చింతపండు బిళ్ళ చప్పరించు. లండన్‌లో ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకి బస్సులో వెళ్తారు. అక్కడ నీ పాస్‌పోర్టు నీ చేతికి ఇమ్మని అడుగు. ఇవ్వకపోరు. దాని మీద ఉన్నది నీ పేరు. చలిగా ఉంటుంది, నా ఊలు స్వెట్టరు మొహసిన్ భాయ్‌కి ఇస్తున్నాను. అది కొత్తది. ఎవరూ వేసుకోలేదు.

అక్కడ ఎవరు ఎదురుపడినా ముందు గుడ్ మార్నింగ్ అను. తరువాత నువ్వు తెలుగులో మాట్లాడినా నవ్వుతారు, సాయం చేస్తారు. పెళ్ళిలో మేకకూర పెడతారు, తిని చూడు, ఉప్పు ఎక్కువో తక్కువో వచ్చాక నాకు చెప్పు. ఒక పూట రీమ్‌ని వాళ్ళమ్మకి ఇచ్చేసి నువ్వు ఒక్కదానివే సముద్రంలోకి దిగు. పొద్దున్న ఎనిమిది లోపు దిగు, ఎండ తక్కువ, కెరటం తక్కువ. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకో. మోకాళ్ళ దాకా వెళ్ళు. నడుము దాకా వద్దు, నీకు ఈత రాదు కదా. రాదు కదా? నాకు అదీ తెలియదు. చెప్పు.

లండన్ కాగితాలు నాలుగు రోజులు నా దగ్గరే ఆగాయి. మర్చిపోయానని అందరికీ చెప్పాను. మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఓనరు ఆ వీసా ఇంకా నీ కోసమే ఆపాడు. ఆఫీసు తుడవాలి, టీ పెట్టాలి. నాదియా ఇల్లంత చల్లగా ఉండదు, గది చిన్నది, రీమ్ ఉండదు. నేనుంటాను. నాదియావాళ్ళు రెండేళ్ళ వీసా కొట్టించమన్నారని తెలుసు. నువ్వు ఏది కావాలనుకుంటే అదే చెయ్యి. ఈసారి అడుగుతున్నాను. వస్తావా అమ్మా, నా దగ్గరికి?

వస్తానన్నా రానన్నా నీ గొంతుతో చెప్పు. ఈ క్యాసెట్టు వెనక వైపు ఖాళీగా ఉంది. నాదియాని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడకు, వంటింట్లో తలుపు వేసుకుని మాట్లాడు. గురువారం, పదో తారీఖు, మధ్యాహ్నం ఆఫీసు మూసేలోగా మొహసిన్ భాయ్ చేత పంపు. ఆ రోజు దాటితే ఓనరు ఆగడు. గురువారం నేను గుమ్మంలోనే ఉంటాను.